అప్‌బీట్ గారి శాశ్వత కొలువు

లోకంలో నిజాయితీగా నడుస్తున్న ఉద్యోగం ఒక్కటే మిగిలింది. పని ఒక్కటే. జీతం, సెలవు, పదవీ విరమణ లేవు. తప్పు ఒక్కటి చేస్తే ఉద్వాసన. బాగా చేస్తే మాత్రం గుర్తింపు ఉంది: అదే పని ఇంకాస్త వేగంగా చేయనిస్తారు. నింటెండో వారి రిథమ్ హెవెన్ అనే, తాళానికి బటన్లు నొక్కే వీడియో గేముల సిరీస్‌లో మిస్టర్ అప్‌బీట్ అనే పెద్దమనిషి 2006లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద ఈ కొలువులో చేరాడు. 2011లో వీ కన్సోల్‌కి బదిలీ అయ్యాడు. హోదా మాత్రం అదే.

ఆయన విధి చూడండి. మెట్రోనోమ్, అంటే తాళం వేసే యంత్రం, దాని ముల్లు టిక్కు టిక్కుమంటూ అటూ ఇటూ ఊగుతుంటుంది. టిక్కు మీద నొక్కితే నేరం. టిక్కుకీ టిక్కుకీ సరిగ్గా నడిమధ్యన ఎ బటన్ నొక్కాలి. అప్పుడాయన ముల్లు దాటి అవతలికి అడుగేస్తాడు. మళ్ళీ ముల్లు, మళ్ళీ అడుగు. కాసేపటికి గంట మోగుతుంది, వేగం పెరుగుతుంది. ముగింపు అనేది లేదు.

ఈ కొలువు ఊరికే రాదు. త్సుంకు అనే జపాన్ పాప్ నిర్మాత సంగీతం చూసుకున్న ఈ సిరీస్‌లోని మామూలు ఆటల్లో 'సూపర్బ్' అనే మెచ్చుకోలు తెచ్చుకుంటే ఒక పతకం ఇస్తారు. అలాంటివి కొన్ని పోగయ్యాకే ఎండ్‌లెస్ ఆటల, అంటే తప్పు చేసేదాకా ముగియని ఇలాంటి ఆటల, తలుపు తెరుస్తారు. పైగా ఆ మామూలు ఆటల్లో ఎంత దయో! నాలుగు తప్పులు చేసినా 'ఓకే' అని పంపేస్తారు. ఒకే ఆట మూడుసార్లు పోగొట్టుకుంటే గేమ్‌లోనే ఉండే కెఫే యజమాని పిలిచి, పోనీ దాన్ని దాటెయ్యండి అంటాడు. ఇంత గారాబం చేసి పెంచిన మనిషిని, పతకాలు మెడలో వేసి మరీ, క్షమాపణ అన్న మాటే లేని చోటికి పంపుతారు. సిబ్బంది ఎంపిక అంటే ఇదీ.

ఇక వేటు పడేదెలాగో చెప్పాలి, ఎందుకంటే అది అన్యాయం కాదు, శాస్త్రోక్తం. నిమిషానికి 120 టిక్కులు ఉన్నప్పుడు టిక్కు నుంచి అడుగుకి 250 మిల్లీసెకన్లు. 150 అయితే 200. 180కి వచ్చేసరికి సుమారు 167. టిక్కు విన్నాక వేలు కదిలించడానికే మనిషికి దాదాపు అంత సమయం పడుతుంది. కాబట్టి విని నొక్కేవాడు అప్పటికే ఉద్యోగం పోగొట్టుకున్నాడు, ఉత్తర్వు అందడమే ఆలస్యం. అడుగు ఎక్కడ పడుతుందో ముందే తెలిసి ఉండాలి.

తెలిసినా శరీరం మాట వినదు. 1990లో శరీర కదలికల మీద పరిశోధించే స్కాట్ కెల్సో బృందం మనుషులకు మెట్రోనోమ్ వినిపించి, టిక్కుల మధ్యలో వేలు కదపమంది. సెకనుకు రెండు టిక్కుల దరిదాపుల్లోకి రాగానే వేళ్ళు తమంతట తామే టిక్కుల మీదకి చేరిపోయాయి. సెకనుకు రెండంటే నిమిషానికి 120. కాబట్టి మీ అడుగు ప్రతిసారీ పిసరంత ఆలస్యమవుతూ తర్వాతి టిక్కు పక్కకి జరుగుతోందంటే మీది సోమరితనం కాదు. నలుగురితో కలిసి చప్పట్లు కొట్టడానికి పుట్టిన ప్రాణి ఎదురు చప్పట్లు కొట్టలేక లొంగిపోతోంది. యాజమాన్యానికి ఈ వివరణ ఇచ్చుకోవచ్చు, ఫలితం ఉండదు.

కొలువు నాలుగు కాలాలు నిలవాలంటే మార్గం మన పాటకచేరీలోనే ఉంది. అతీత గ్రహం, అనాగత గ్రహం అని పేర్లు పెట్టి, ఎత్తుగడ తాళానికి ముందో వెనకో పడడాన్ని మనవాళ్ళు ఏనాడో విద్యగా ఒప్పుకున్నారు. అయితే పాటగాడు తాళాన్ని తన తొడ మీదే వేసుకుంటాడు, సమం, అంటే తాళం తొలి దెబ్బ, అతని చేతిలోనే ఉంటుంది. అప్‌బీట్ గారి సమం ముల్లు చేతిలో ఉంది. దాన్ని లాక్కోండి: టిక్కుకి మడమ నేల మీద పడాలి, మడమ లేచేటప్పుడు చేతి బొటనవేలు బటన్ నొక్కాలి. నోటితో 'త-క' అనుకుంటూ, 'త' ముల్లుకి వదిలేసి 'క' మీరు తీసుకోండి. గంట మోగాక తొలి రెండు మూడు అడుగులే గండం, పాత దూరం వేలికి ఇంకా గుర్తుంటుంది కాబట్టి. అక్కడ వేలిని తొందరపెట్టకండి, కొత్త టిక్కుకి మడమని సర్దండి. 'క' దానంతటదే దగ్గరికొస్తుంది.

టీవీలో బొమ్మ ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ పెట్టుకోండి. బ్లూటూత్ స్పీకరు తీసి అవతల పెట్టండి. అది శబ్దాన్ని 100 మిల్లీసెకన్లు ఆలస్యం చేసిందంటే, 150 వేగంలో మీ అడుగు సగం దారి తప్పినట్టే. ముల్లుని కళ్ళప్పగించి చూడడం కూడా మానండి. అది మిమ్మల్ని మాయ చెయ్యడానికే అంత అందంగా ఊగుతుంది.

కార్మిక పక్షపాతులు ఒక కోరిక కోరవచ్చు: ఆ కెఫే యజమానిని ఇక్కడికి కూడా పంపండి, మూడుసార్లు పోయినవాణ్ణి దాటించనివ్వండి అని. మానవతా దృష్టితో పరిశీలించదగ్గ వినతే. కాకపోతే ఆయన వచ్చి, కాఫీ పోసి, భుజం తట్టి, దీన్ని దాటి తర్వాతి దానికి వెళ్ళండి అనాలి. తర్వాతిది కూడా ముల్లే.