667 తప్పు లెక్కే కావచ్చు, ఆ బిడ్డల చావులు మాత్రం నిజం

1921లో బొంబాయిలో నమోదైన ప్రతి వెయ్యి జననాలకు సుమారు 667 పసిబిడ్డల మరణాలు. ఏడాది నిండని పిల్లలు! ఈ అంకె ఎప్పుడు చర్చకు వచ్చినా "అదంతా రిజిస్ట్రేషన్ లోపం, అంత ఘోరం ఉండదులెండి" అని కొట్టిపారేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది.

లోపం ఉంది, కాదనను. మిల్లుల్లో, కూలిపనుల్లో ఉన్న ఆడవాళ్లు చాలామంది పురిటికి సొంతూరు వెళ్లేవాళ్లు. కాన్పు అక్కడే, జననం బొంబాయి రిజిస్టరుకు ఎక్కదు. బిడ్డను ఎత్తుకుని మళ్లీ పనికి వచ్చాక, గాలీ వెలుతురూ లేని చాల్ (కూలీలుండే వరుస గదుల ఇల్లు) గదిలో ఆ బిడ్డ పోతే, చావు మాత్రం బొంబాయి ఖాతాలో పడుతుంది. నగరంలోనే పుట్టినా నమోదు కాని పిల్లలు వేరే. భాగించే సంఖ్య అలా తగ్గిపోతే రేటు పెరగక ఏమవుతుంది? అదే ఏడాది ఒంటిగది ఇళ్లలో ఈ రేటు 828, నాలుగు గదులూ అంతకుమించి ఉన్న ఇళ్లలో 133. ఊరెళ్లి పురుడు పోసుకునేది ఎక్కువగా ఒంటిగది వాళ్లే కాబట్టి ఈ తేడాలోనూ కొంత రిజిస్టరు చలవే.

మొత్తం మరణాల రేటుకు భాగించే జనాభా లెక్క మాత్రం సరిగ్గా ఉందా? ప్లేగు భయంతో జనం ఊరు వదిలిపోయిన 1901లో నగర జనాభా 7,76,006. 1906లో మునిసిపాలిటీ విడిగా లెక్కపెడితే 9,77,822. దేనితో భాగిస్తే దానికి తగ్గ మరణాల రేటు వస్తుంది, ఒక్క ప్రాణం అదనంగా నిలబడకపోయినా.

సరే, జననాల రిజిస్టరును పక్కన పెట్టేద్దాం. 1918 ఇన్‌ఫ్లుయెంజా చూడండి. అక్టోబర్ 6న ఒక్కరోజే బొంబాయిలో 768 మరణాలు. ఆ జ్వరానికి అణగారిన కులాల హిందువుల్లో వెయ్యికి 61.6 మంది పోయారు. మిగతా హిందువుల్లో 18.9, పార్శీల్లో 9, యూరోపియన్లలో 8.3. ఇక్కడ పురిటికి పుట్టింటికి వెళ్లిన తల్లుల గొడవ లేదు. జనాభా అంచనాలో ఎంత తప్పున్నా ఏడు రెట్ల తేడా దానివల్లే వచ్చిందంటే నేను నమ్మను. ఇరుకు గది, చాలని తిండి, జ్వరంతోనే పనికి పోవాల్సిన గతి, చూసే డాక్టరు లేకపోవడం, వీటిని వదిలేసి రిజిస్టరు రాసే గుమాస్తా మీద నెపం వేస్తారా?

ఆ ఇరుకు గదుల్లో మనవాళ్లూ ఉన్నారు. బొంబాయిలోని కామాఠీపురాకు ఆ పేరు వచ్చిందే నిజాం రాజ్యం నుంచి కట్టుబడి పనులకు వలస వెళ్లిన తెలుగు కామాఠీల వల్ల.

ఇప్పటికీ 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం చావు ఎక్కడ జరిగితే నమోదు అక్కడే. పాలమూరు పల్లె నుంచి హైదరాబాద్ ఆసుపత్రికి వచ్చి ప్రాణం విడిచిన మనిషి హైదరాబాద్ రిజిస్టరులోకే వెళ్తాడు. అందుకే నగరాల మరణాల రేట్లు ప్రచురించేవాళ్లను నేను గట్టిగా అడిగేది ఇదే: ఎన్ని మరణాలు, దేనితో భాగించారు, పోయినవాళ్లలో ఆ నగరం వాళ్లెందరు, బయటి నుంచి వచ్చినవాళ్లెందరు, ఈ మూడూ రేటు పక్కనే వేయండి. 667ను కొట్టిపారేసేవాళ్లు ముందు ఆ 61.6కు జవాబు చెప్పండి.