అరకు సిల్వర్ ఓక్ చెట్టు బెరడు మీది గ్రాఫిస్ అనే లైకెన్ గారికి

అయ్యా,

నిన్న ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఏడింటి దాకా తమరి సేవలోనే ఉన్నాను. 14 ముక్కలు కోశాను. రెండు బ్లేడులు మొద్దుబారాయి, నా వేలొకటి తెగింది. తమరి కడుపులో ఒక్క స్పోరూ, అదే విత్తనం లాంటి కణం, దొరకలేదు.

గ్రాఫిస్ అంటేనే రాత కదా. తెల్లటి పొర మీద నల్లటి గీతలతో ఎవరో హడావిడిగా రాసి పారేసినట్టే ఉంటారు. డాక్టరు చీటీనైతే మందుల షాపు అబ్బాయి చదివిపెడతాడు. తమరిని ఎవరికి చూపించను?

జాతిని గుర్తుపట్టే ప్రశ్నల పట్టిక, అదే కీ, ముందేసుకుని కూర్చున్నాను. గీత అంచుకు గాడులున్నాయా అంది. ఉన్నాయన్నాను. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేయమంది. వేస్తే ముందు పసుపు, ఆనక ఎరుపు. అంటే నార్‌స్టిక్టిక్ ఆమ్లం ఉన్నట్టే! సంబంధం ఖాయమైనంత సంబరపడ్డాను. ఆ తర్వాత అడిగింది, స్పోరులో అడ్డగోడలెన్ని అని. రేషన్ షాపులో అన్ని కాగితాలూ చూపించాక వేలిముద్ర పడట్లేదన్నట్టుంది.

ఇక తమరు, గిమరు నా వల్ల కాదు. అసలు నువ్వు ఒక్కడివేనా? లోపల శిలీంధ్రం (బూజు లాంటిది), శైవలం (నాచు లాంటిది) కలిసి కాపురం చేస్తున్నాయని 1860ల్లో స్విస్ వృక్షశాస్త్రవేత్త ష్వెండెనర్ చెబితే పెద్ద పెద్ద లైకెన్ పండితులే ఆయన్ని ఎగతాళి చేశారు. వండిపెట్టేది శైవలం, పేరు మాత్రం శిలీంధ్రానిది. ఈ పద్ధతి మా ఇంట్లోనూ ఉందిలే. 2016లో కొన్ని లైకెన్లలో ఈస్టు కూడా ఉందన్నారు. ఇంకా ఎవరున్నారు లోపల?

లాటిన్ అమెరికాలో కోరా అని ఒక లైకెన్ ఉంది. నీకు చుట్టం కాదు గానీ బుద్ధి ఒకటే. ఒకటే జాతి అనుకున్నదాన్ని డీఎన్ఏ తీసి చూస్తే 126 అని 2014లో తేలింది. నువ్వూ అలాంటి పని చేస్తే నా థీసిస్ ఏం కావాలి?

బిరియానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే అని అమ్మకు చెప్పాను. "మరి దాన్నే చదవొచ్చుగా, మసాలా డబ్బాలోనే ఉంది" అంది.

రాత్రి కవరు మీద "గ్రాఫిస్, జాతి తెలియదు" అని రాసి బీరువాలో పెట్టాను. అలాంటి కవర్లు అక్కడ ఇంకా చాలా ఉన్నాయి. పెట్టే ముందు లెన్సుతో మళ్లీ ఒకసారి చూశాను. దిక్కుమాలినవాడా, అందంగానే ఉన్నావు.

వానలు తగ్గాక మళ్లీ వస్తున్నా. ఈసారైనా స్పోర్లు పెట్టుకుని ఉండు.

ఇట్లు,
వేలికి కట్టుతో,
నీ పరిశోధకురాలు