ఏడు హస్తాల గెల

మా కోనసీమ క్రైస్తవ సంఘంలో కోతపండుగ నాడు ఆరాధన ఎంత ముఖ్యమో వేలంపాట కూడా అంతే ముఖ్యం. ధాన్యపు బస్తా మొదలు కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, కోడిపుంజు వరకు ఎవరి ప్రథమ ఫలాన్ని వారు బల్ల ముందు పెడతారు. ఆరాధన ముగిశాక వాటిని పాట పెట్టి, వచ్చిన సొమ్మును కానుకల్లో జమచేస్తారు. ఈసారి నేను సమర్పించినది మా పెరటి చక్కెరకేళి గెల. ఏడు హస్తాలు! నాటినది మా ఆవిడ. నీరిచ్చినది, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర పుణ్యమా అని పారుతున్న మా ఊరి కాలువ. వృద్ధి కలుగజేసేవాడు దేవుడేనని పౌలు ఏనాడో వ్రాసిపెట్టాడు. మిగిలిన పని, అంటే రోజూ గెల క్రింద నిలబడి మురిసిపోవడం, పూర్తిగా నాదే.

"పేరు చదవకండి, మహిమంతా దేవునికే" అని సంఘపెద్దగారి చెవిలో మూడుసార్లు చెప్పాను. అలా ముమ్మారు వద్దన్నవారి పేరును మా వాళ్ళు తప్పక చదువుతారని నా అనుభవం. ఆయన మాత్రం నిజంగానే చదవలేదు. "ఎవరో సోదరుడు ఇచ్చారు" అని ఊరుకున్నారు. అయ్యగారు ప్రసంగించినంతసేపూ నాకు ఆ 'ఎవరో' తప్ప మరొక మాట వినబడలేదు.

పాట 200 దగ్గర మొదలై 300 దగ్గర చతికిలబడింది. దేవుని మహిమ అంత చవకగా పోవడం భరించలేక (అది దేవుని మహిమేనని ఆ క్షణంలో గట్టిగా నమ్మాను) స్తంభం చాటునుంచి నాలుగు వేళ్ళు చూపించాను. వెంటనే స్త్రీల వైపునుంచి పక్కింటి వదినగారు 500 అన్నారు. నాకు పంతం వచ్చింది. ఆవిడకూ వచ్చినట్టుంది. చివరికి 1,400 దగ్గర ఆవిడ ఆగిపోయారు. మూడోసారి అనిపించుకుని నా గెలను నేనే కొనుక్కున్నాను.

దాన్ని భుజాన వేసుకుని బయటికి వస్తే, కొబ్బరిచెట్టు క్రింద మా ఆవిడ నిశ్చేష్టురాలై నిలబడి ఉంది.

"స్తంభం వెనకాల ఉన్నది మీరా? వదినగారి చేత పాడించింది నేనండీ! మన గెల 300కు పోతే నామర్దా కాదూ?"

మా మందిరంలో పురుషులు కుడివైపు, స్త్రీలు ఎడమవైపు కూర్చుంటారు. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాటను ఇంత అక్షరాలా పాటించిన కుటుంబం డెల్టాలో మరొకటి ఉండదు.

గెల నాలుగో రోజున ఒక్కసారిగా పండింది. తిన్నా త్రాగినా దేవుని మహిమ కొరకే చేయమన్న కొరింథీ పత్రిక వాక్యాన్ని రెండు పూటలా అరటిపండ్లతోనే ఆచరించి, ఇక మావల్ల కాక, మిగిలిన హస్తాలను నేనే వీధంతా తిరిగి పంచాను. పుచ్చుకున్న ప్రతివారూ "దేవునికి స్తోత్రం" అన్నారు. గుమ్మం దగ్గర మరికాస్త సేపు నిలబడి చూశాను, ఇంకేమీ అనలేదు.