వడ్డించే గరిటె పేటవాళ్ల చేతికివ్వండి

షికాగో పడమటి వైపు నార్త్ లాన్‌డేల్ ఉంది. దానికి దక్షిణాన లిటిల్ విలేజ్. ఒకటి నల్లవారి పేట, రెండోది మెక్సికన్లది. లిటిల్ విలేజ్ అసలు పేరు సౌత్ లాన్‌డేల్. పక్క పేటతో తమను కలిపి చూడకూడదని 1960లలో అక్కడి తెల్లవారు పేరు మార్చుకున్నారు. తర్వాత వాళ్లు శివార్లకు వెళ్లిపోయారు, పేరు మాత్రం మెక్సికన్లకు మిగిలింది. ఈ రెండు పేటలకూ దాతృత్వ సంస్థల డబ్బు కొత్తేమీ కాదు. ఆ డబ్బు ఎవరికి, దేనికి ఇవ్వాలో పేటవాళ్లే కూర్చుని తేల్చడమే అరుదు. నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ పోలీసు చేతిలో హత్యకు గురైన 2020లో ఈ పద్ధతి గురించి ఎన్ని ప్రకటనలు వచ్చాయో, ఇప్పుడు అంత మౌనం. నా మాట ముందే చెప్పేస్తాను. సలహా సంఘాలు, అభిప్రాయ సేకరణలు ఇక చాలు. ఎవరికివ్వాలో పేటవాళ్లు తేల్చాలి, సంస్థ చెక్కు రాయాలి.

ఎందుకంటారా? పాత లెక్క ఒకటి తీయాలి. 1930ల నుంచి ప్రభుత్వ గృహరుణ సంస్థలు నల్లవారుండే పేటలను మ్యాపుల్లో ఎర్రరంగు వేసి పక్కన పెట్టాయి. బ్యాంకు అప్పు పుట్టదు. ఇల్లు కొనాలంటే మిగిలిన దారి 'కాంట్రాక్టు'. నెలనెలా వాయిదాలు కడుతూ పోవాలి, ఆఖరి వాయిదా దాకా ఇల్లు అమ్మినవాడి పేరు మీదే ఉంటుంది. ఒక్క వాయిదా తప్పితే ఇల్లూ పోయె, అంతవరకు కట్టిందీ పోయె. ఈ కాంట్రాక్టు ఇళ్లను సగటున 84 శాతం ఎక్కువ ధరకు అంటగట్టారని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో తేల్చారు. 1950లు, 60లలో షికాగో నల్లజాతి కుటుంబాల నుంచి ఇలా కాజేసిన సొమ్ము 300 నుంచి 400 కోట్ల డాలర్లట. 1966లో మార్టిన్ లూథర్ కింగ్ వచ్చి అద్దెకు దిగింది నార్త్ లాన్‌డేల్‌లోనే. 1968లో అక్కడి కొనుగోలుదారులు కాంట్రాక్ట్ బయ్యర్స్ లీగ్‌గా ఏర్పడి, వాయిదాలు కట్టబోమని మొండికేశారు. 1960లో దాదాపు లక్షా పాతిక వేల మంది ఉన్న పేటలో ఇప్పుడు 35 వేల దరిదాపుల్లో ఉన్నారు.

అంత సొమ్ము పోగొట్టుకున్న పేటకు రెండేళ్ల గ్రాంటు ఒకటి ఇచ్చి, నలభై పేజీల దరఖాస్తు నింపించుకుని, పైగా దాన్ని సాయం అనడం నాకు మింగుడు పడదు.

అసలు ఆ డబ్బు పూర్తిగా దాతదేనా? అమెరికాలో ఫౌండేషన్ పెట్టిన ధనవంతుడికి పన్ను మినహాయింపు దొరుకుతుంది. బదులుగా ఆ ఫౌండేషన్ ఏటా తన పెట్టుబడుల విలువలో 5 శాతం ఖర్చు పెడితే చాలు. అందులో ఆఫీసు ఖర్చులు, జీతాలు కూడా కలుపుకోవచ్చు. మిగతాది మార్కెట్లో పెరుగుతూనే ఉంటుంది. డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ అనే ఖాతాలకైతే ఆ 5 శాతం నిబంధన కూడా లేదు. పన్ను మినహాయింపు డబ్బు వేసిన రోజే దక్కుతుంది, దానం ఎప్పుడైనా చేయొచ్చు. అంటే ఆ నిధిలో కొంత భాగం ఖజానాకు రావలసి రాకుండా పోయిన పన్ను. అందులో లిటిల్ విలేజ్ 26వ వీధిలో రొట్టెలమ్మే ఆవిడ వాటా కూడా ఉంది. ఆమెను ఒక్క మాటైనా అడక్కుండా బోర్డు గదిలో పంచేయడం ఏ న్యాయం?

డబ్బిచ్చినవాడే అన్నీ తేల్చే ఈ తీరు మనవాళ్లకూ కొత్త కాదు. ఆ పేటలకు కారులో గంట దూరంలోని నేపర్‌విల్, అరోరాల్లో తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు. కంపెనీ మ్యాచింగ్ గ్రాంటు కలిపి, పన్ను రశీదు తీసుకుని సొంతూరికి డబ్బు పంపుతారు. మంచి పనే. కానీ ఊళ్లో మురుగుకాల్వ కావాలంటే దాత పేరున ఆర్చి లేస్తుంది. పెట్టే చెయ్యి మనదైనంత మాత్రాన ఎంచే బుద్ధి కూడా మనదే అనుకోవడం షికాగో బోర్డులకే అంటిన జబ్బు కాదు.

పేటవాళ్లకు ఎంచుకోవడం తెలుసా అంటారు. లిటిల్ విలేజ్ అమ్మలను చూడండి. కొత్త హైస్కూల్ కడతామని చెప్పి నగరం ఆ మాట అటక మీద పెట్టింది. ఈలోగా ప్రవేశ పరీక్ష పెట్టి పిల్లల్ని ఏరుకునే బడులు ఉత్తరాన లేచాయి. 2001 మదర్స్ డే రోజున తల్లులూ ఇరుగుపొరుగూ నిరాహార దీక్షకు కూర్చుని 19 రోజులు లేవలేదు. 2005లో బడి తెరుచుకుంది. ఒకే కప్పు కింద నాలుగు చిన్న బడులు, రెండు పేటల పిల్లలకూ చోటు. దాన్ని ఏ సంస్థ ప్రోగ్రామ్ ఆఫీసరూ కలగనలేదు.

అడగడానికీ, నిర్ణయం అప్పగించడానికీ తేడా ఏమిటో లిటిల్ విలేజ్‌లోని క్రాఫర్డ్ బొగ్గు విద్యుత్ కేంద్రం చెబుతుంది. అదీ, పక్కనున్న పిల్సెన్‌లోని ఫిస్క్ కేంద్రమూ కలిసి ఏటా 41 అకాల మరణాలకు కారణమని 2000ల మొదట్లో హార్వర్డ్ పరిశోధకులు అంచనా వేశారు. పేటవాళ్ల పోరాటంతో 2012లో రెండూ మూతపడ్డాయి. ఆ పోరాటాన్ని నడిపిన కింబర్లీ వాసర్‌మన్‌కు మరుసటి ఏడు గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. ఆ స్థలంలో ఏం రావాలో జనాన్ని పిలిచి అడిగారు కూడా. చివరికి వచ్చింది లారీల గోదాము. 2020 ఏప్రిల్ 11న, కరోనా ఊపిరితిత్తులను పీడిస్తున్న రోజుల్లో, పాత పొగగొట్టాన్ని పేల్చేస్తే దుమ్ము పేటంతా కమ్మేసింది. అభిప్రాయ సేకరణ అయితే సక్రమంగానే జరిగింది మరి!

ఇంకో సంగతి. లిటిల్ విలేజ్‌లో కాగితాల్లేని వాళ్లు చాలామంది. పన్నులు కడతారు, ఓటు లేదు. షికాగో 49వ వార్డులో 2009లో ఆల్డర్‌మన్ (నగర సభలో వార్డు ప్రతినిధి) జో మూర్ తన వార్డుకొచ్చిన 13 లక్షల డాలర్లను జనం ఓటుకు వదిలినప్పుడు పౌరసత్వం అడగలేదు. పదహారేళ్లు నిండి ఆ వార్డులో ఉంటే చాలు. లిటిల్ విలేజ్‌లో కూడా గ్రాంటు కమిటీకి ఓటు ఇలాగే పెడితే, అక్కడ ఎంతోమందికి జీవితంలో అది మొదటి బ్యాలెట్ అవుతుంది.

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫర్వాలేదన్న సామెత ఉంది కదా, పేటలో గరిటె పట్టినవాడు తన బంధువులకే వడ్డిస్తాడని కొందరి భయం. నిజమే, పేటలకూ పెద్దమనుషులుంటారు, గొంతు పెద్దదైనవాడిదే మాట చెల్లుతుంది. కానీ బోర్డు గదిలో బంధుత్వం లేదా? అక్కడ దాన్ని నెట్‌వర్క్ అంటారు, అంతే. 1964లో అధ్యక్షుడు జాన్సన్ తెచ్చిన 'పేదరికంపై యుద్ధం' చట్టంలో పేదల 'సాధ్యమైనంత గరిష్ఠ భాగస్వామ్యం' అని రాశారు. మూడేళ్లు తిరిగేసరికి మేయర్లు గగ్గోలు పెట్టి పగ్గాలు వెనక్కి లాక్కున్నారు. షికాగోలో మేయర్ డేలీ అసలు వదలనే లేదు. పద్ధతి విఫలమైందని తేలకముందే కాళ్లు విరగ్గొట్టి, చూశారా నడవలేకపోయింది అన్నారు.

ఇప్పుడు కోర్టులూ తోడయ్యాయి. నల్లజాతి మహిళా వ్యాపారులకు గ్రాంట్లిచ్చిన అట్లాంటాలోని ఫియర్‌లెస్ ఫండ్‌కు, జాతి చూసి ఇవ్వడం వివక్షేనంటూ, 2024 జూన్‌లో అప్పీల్ కోర్టు అడ్డుకట్ట వేసింది. వాడిన చట్టం బానిసత్వం నుంచి బయటపడ్డవారి కోసం 1866లో చేసినది! దాంతో ఫౌండేషన్లు జంకి, పత్రాల్లోంచి 'సమానత్వం' అన్న మాటే చెరిపేస్తున్నాయి. నాకు మాత్రం ఇందులో ఒక దారి కనిపిస్తోంది. గ్రాంటుకు అర్హత జాతి కాదు, చిరునామా అనండి. ఈ వీధుల్లో ఉండేవాళ్లే తేలుస్తారు, ఈ వీధుల్లోనే ఖర్చవుతుంది. ఒకప్పుడు ఎర్రరంగుతో వేసిన గీతలే ఇప్పుడు హద్దులుగా పనికొస్తాయి.

ఏటా పంచే డబ్బులో నాలుగో వంతుతో మొదలుపెట్టవచ్చు. కమిటీలో ఉన్నవాడి సంఘానికి ఆ ఏడు గ్రాంటు ఇవ్వకూడదు. సభ్యులను రెండేళ్లకోసారి మార్చాలి. కూర్చోవడం షిఫ్టు దిగాక, సాయంత్రం ఆరు దాటాకే, పేటలోని బడిలోనే. స్పానిష్‌లో చెప్పేవాళ్లు, పిల్లల్ని చూసుకునేవాళ్లు ఉండాలి. వచ్చిన ప్రతి మనిషికీ ఆ పూట కూలి కట్టివ్వాలి.