మహారాజశ్రీ సైకిల్ ట్యూబు ముక్క గారి సముఖమునకు

అయ్యా,

దిండి రేవులో కట్టేసిన పాత మోటారు యాట్‌లో తమరు లేని చోటు లేదు. ఇంజను గదిలో, బాత్‌రూము గొట్టాల మీద, ట్యాంకు మూలన, చెయ్యి కూడా దూరని సందుల్లో చుట్టుకుని కొలువై ఉన్నారు. చెమ్మ కనపడ్డ చోటల్లా సరంగు ఒక ముక్క కోసి కట్టాడు, కళాసీ పైన ఇంకో రెండు చుట్లు వేశాడు, ఓనరుగారు వంగి చూసి "ఆగిందిగా" అన్నారు. ఆగలేదండి. తమరి కిందినుంచి గొట్టం వెంబడే పాకి, రెండు గజాల అవతల సోఫా కింద దిగింది. ఇప్పుడు అక్కడా తమరే.

కారడం ఆపే విద్య తమరికి రాదు. కారే చోటు దాచే విద్య మాత్రం బాగా వచ్చు. ఆ చోటు తెలియడమేనండి మాకు సగం రిపేరు. అందుకని ముందుగా తమరందర్నీ బ్లేడుతో కోసి బకెట్లో వేస్తున్నాం. మనసులో పెట్టుకోవద్దు.

బోటు అట్టడుగు గుంటని బిల్జి అంటారు. దాన్ని తోడి, కడిగి, పొడిగుడ్డతో తుడిచాక మళ్లీ చేరే నీళ్లు ఎక్కడివో తేలాలి. నదివి కావచ్చు, లోపలి ట్యాంకువి కావచ్చు, వానవి కావచ్చు, జిగటగా రంగుతో ఉంటే ఇంజనుని చల్లబరిచే కూలెంటు కావచ్చు. నాలిక మీద వేసుకుని తీర్పు చెప్పే పెద్దలున్నారు. డీజిలు కలిసిన నీళ్లతో ఆ సాహసం ఎందుకు? పైగా వశిష్ఠ రుచి ఏడాది పొడుగునా ఒకటి కాదు. ధవళేశ్వరం నుంచి నీరు తగ్గిన ఎండాకాలంలో పోటుకి ఉప్పు ఎగదన్నుతుంది, వరదలకి అదే పాయ ఎర్రగా, చప్పగా అవుతుంది. నీటిలో కరిగిన లవణాలెన్నో అంకెలో చూపే టీడీఎస్ పెన్ను ఆర్వో మెకానిక్ దగ్గర ఉంటుంది, అడిగి తెచ్చుకుంటే చాలు. మూడు గ్లాసులు: బిల్జి నీరు, నది నీరు, ట్యాంకు నీరు. బిల్జి రీడింగు దేనికి దగ్గరగా ఉంటే దాని వెంట పడాలి. వరద రోజుల్లో పెన్ను కూడా అక్కర్లేదు, గ్లాసు గంటసేపు కదపకుండా ఉంచితే ఎర్ర ఒండ్రు అడుగున పేరుకుని తనే చెబుతుంది. ఇక ఏ వైపునుంచి వస్తోందన్నది సంక్రాంతికి మిగిలిన ముగ్గు చెబుతుంది. పొడి నేల మీద పల్చగా చల్లితే నీటి దారి గీత గీసినట్టు పడుతుంది. పంపు వేసే ముందు ఆ ముగ్గు తుడిచేయాలి, లేకపోతే జాలీలో చేరి గడ్డకడుతుంది.

ట్యాంకు నీరే అని తేలిందా, కుళాయిలన్నీ కట్టి ప్రెషర్ పంపు ఆన్‌లో వదలాలి. ఎవరూ నీళ్లు వాడకుండానే అది మధ్యమధ్య గుర్రుమంటే ఎక్కడో కారుతోంది, లేదా పంపులోని వాల్వు నీటిని వెనక్కి వదులుతోంది. ఒత్తిడి నిండాక పంపు దాటిన వెంటనే ఉన్న వాల్వు కట్టేయండి. అప్పుడూ గుర్రుమంటే తప్పు పంపుది, నోరు మూసుకుంటే గొట్టాలది. ట్యాంకుకీ పంపుకీ మధ్య గొట్టం సంగతి వేరు, అక్కడ బీట ఉంటే పంపు నడిచేటప్పుడు నీరు బయటికి రావడం కాదు, గాలి లోపలికి పోతుంది. కుళాయి దగ్గుతూ ఉమ్ముతుంది.

అన్నట్టు, గీజరు రిలీఫ్ వాల్వు మూతికి కూడా తమర్ని కట్టారు. నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది, ఆ ఎక్కువైనది నాలుగు చుక్కలుగా వదలడమే దాని ఉద్యోగం. అది బిగిస్తే పగిలేది గీజరు. చుక్కలు వద్దనుకుంటే ఆ ఎక్కువైన నీటికి చోటిచ్చే చిన్న ఎక్స్‌పాన్షన్ ట్యాంకు ఆ లైనులో పెట్టించాలి.

తమరు చేసిన ఘనకార్యాల్లో పెద్దది స్టెర్న్ గ్లాండ్ దగ్గరుంది. ప్రొపెల్లరు షాఫ్టు బోటులోంచి నదిలోకి దూరే చోటు అది. షాఫ్టు చుట్టూ తాడు రింగులు కూరి నట్టుతో నొక్కే పాత రకం ప్యాకింగ్ అయితే బోటు నడిచేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు రావాలి, ఆ చుక్కే షాఫ్టుకి చల్లదనం. ఆగి ఉన్నప్పుడు రాకూడదు. చుక్క చూసి బెంబేలెత్తి నట్టు పళ్లు బిగబట్టి బిగిస్తారు, షాఫ్టు కాలి గీతలు పడుతుంది, ఆ గీతల్లోంచి ధారే కడుతుంది, అప్పుడు తమర్ని పిలుస్తారు. నట్టు ఒక్క విడతలో పావు చుట్టు కూడా తిప్పకూడదు. తిప్పి, నడిపి, ఆపాక గ్లాండు మీద చెయ్యి పెట్టి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేకపోతే వదులు చేయాలి. బిగించడానికి ఇంక మర లేదంటే ప్యాకింగ్ అయిపోయినట్టే. బోటు ఒడ్డుకెక్కించి పాత తాడంతా కొక్కెంతో లాగేసి, కొత్త రింగుల కొసలు ఏటవాలుగా కోసి, అతుకులు గడియారంలో 12, 4, 8 దగ్గర పడేలా వేయాలి. పాతదాని మీదే కొత్త రింగు కూరి చేతులు దులుపుకునేవాళ్లు తమరి చుట్టాలే అయ్యుండాలి.

నీటిమట్టం కింద ఉన్న వాల్వుల దగ్గర మాత్రం హాస్యం చాలిద్దాం. అక్కడ కంచు ఉండాలి, చౌక అని ఇత్తడి పెట్టారు. ఉప్పు ఇత్తడిలోని జింకుని తినేస్తుంది, మిగిలేది గులాబి రంగు గుల్ల. స్క్రూడ్రైవరుతో గీకితే లోపల గులాబి కనిపించిందా, ఆ వాల్వు అదే రోజు మార్చాల్సిందే. నీటికి 30 సెంటీమీటర్ల కింద 25 మిల్లీమీటర్ల గొట్టం ఊడితే నిమిషానికి 40 లీటర్లకు పైనే లోపలికి వస్తుంది. ప్రతి గొట్టానికీ రెండేసి స్టీలు క్లిప్పులు బిగించాలి. క్లిప్పు పట్టీ మెరుస్తూనే ఉంటుంది, లోపలి మర తుప్పు పట్టి ఉంటుంది, అద్దం పెట్టి వెనకవైపు చూడాలి. ప్రతి వాల్వు పక్కనా దాని సైజుకి సరిపడే మెత్తకర్ర బిరడా తాడుతో వేలాడాలి.

వాన నీరు పులసలా ఎదురీదదు, పల్లానికే పోతుంది. కానీ దూరిన చోటు ఒకటి, దిగిన చోటు ఇంకొకటి. ఎండ రోజున డెక్కు మీద పైపుతో నీళ్లు కొట్టేటప్పుడు కిందనుంచి మొదలుపెట్టి పైకి పోవాలి, ఒక్కో చోట పది నిమిషాలు, లోపల టార్చితో ఒకరు. పైనుంచి మొదలుపెడితే అన్ని కంతలూ ఒకేసారి తడిసి ఏదీ తేలదు. నీరు దూరుతోందని తేలిన బోల్టు చుట్టూ సిలికాన్ పూసి లాభం లేదు, బోల్టు ఊడదీసి కొత్త సీలెంటుతో మళ్లీ కూర్చోబెట్టాలి.

తమరికి ఒక్క కొలువు మిగిల్చాం. నడి గోదావరిలో ఇంజనుకి చల్లనీళ్లు తెచ్చే గొట్టం చిట్లితే, ఇంజను ఆపి, తుడిచి, సాగదీసి సగం మీద సగం వచ్చేలా మూడు పొరలు చుట్టి, నెమ్మదిగా రేవు చేరేదాకా. ఎగ్జాస్టు గొట్టానికి వద్దు, వేడికి కమిలిపోతారు. రేవు చేరిన సాయంత్రమే తమర్ని విప్పేసి కొత్త గొట్టం వేస్తాం.

ఇట్లు,
ఇంజను గదిలో బోర్లా పడుకుని తమరి ముడులు విప్పుతున్నవాళ్లం