ఆస్థాన ప్రేమ గారి సముఖానికి

మహారాజశ్రీ ఆస్థాన ప్రేమ గారి దివ్య సముఖానికి నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి.

తమరు 12వ శతాబ్దపు ఫ్రాన్సులో ప్రభువులూ దొరసానులూ ఎలా ప్రేమించాలో చెప్పే పద్ధతిగా వెలిగినా, ఇప్పుడు లోకమంతా పిలిచే పేరు స్థిరపడింది 1883లో, గాస్టన్ పారిస్ అనే పండితుడి చలవ వల్ల. ఏడొందల ఏళ్లకు బారసాల! పేరు లేకుండానే ఎంత పెత్తనం చేశారండీ.

మీ గుట్టంతా నాకు తెలిసింది 1180ల్లో ఆండ్రియాస్ కపెల్లానస్ లాటిన్‌లో రాసిన 'దె అమోరే' ('ప్రేమ గురించి') అనే పుస్తకం వల్ల. ఆయన చర్చి మనిషి. వాల్టర్ అనే కుర్రాడికి ప్రేమ పాఠాలు చెబుతాడు. పూజారి పెళ్లిళ్ల పేరయ్య అవతారమెత్తితే మాకేం వింత కాదు. ఈయన పేరయ్యగిరీ మాత్రం పెళ్లి బయటి వ్యవహారాలకు! మొగుడూపెళ్లాల మధ్య ప్రేమ కుదరదని ఫ్రాన్సులోని షాంపేన్ ప్రాంతపు దొరసాని మరీ 1174లో తీర్పిచ్చినట్టు ఓ ఉత్తరం కూడా అందులో పెట్టాడు.

ఆపైన 31 నియమాలు. ప్రేయసి కనపడగానే మొహం పాలిపోవాలట. గుండె దడదడలాడాలట. తిండీ నిద్రా తగ్గాలట. మా ఇంట్లో అయితే ముందు రక్తపరీక్షకు తీసుకెళ్తారు.

సరే, ఇదంతా సరదా. అసలు సంగతి అంతస్తుల పట్టిక. సామాన్యుడు, ప్రభువంశీకుడు, అంతకంటే పెద్ద ప్రభువు: ఎవరు ఏ ఇంటి ఆడమనిషితో ఎలా మాట్లాడాలో ఎనిమిది సంభాషణలు రాసిచ్చారు. పాపం ఆ సామాన్యుణ్ణి గొప్పింటి ఆడవాళ్ల చేత ఏమేం అనిపించారండీ! వారంలో ఆరు రోజులు లాభాల కోసం బేరాలాడి ఏడో రోజు ప్రేమకు బయల్దేరావా అని దెప్పుడు. మరి కొట్టు మూసేది ఆ రోజే కదా? పైగా పిక్కలు లావట, పాదాలు వెడల్పట. నైటుకు, అంటే ఆ కాలపు గుర్రపు యోధుడికి, పిక్కలు సన్నగా ఉండాలట. పెళ్లిచూపుల్లో జీతం అడగడం విన్నాను గానీ పిక్కల కొలతలు ఇదే వినడం. వాడు తగ్గలేదు లెండి. హంగేరీలో ఒక రాజుగారి కాళ్లూ ఇలాగే ఉన్నాయన్నాడు. శభాష్ అనుకున్నాను.

తర్వాత రైతుల అధ్యాయం వచ్చింది. చాలా చిన్నది. వాళ్లది గుర్రాల్లా, కంచరగాడిదల్లా ప్రకృతి తోసినట్టు పోయే వ్యవహారమట. ప్రేమ పాఠాలు నేర్పితే పొలాలు బీడుపడతాయట. ఒకవేళ రైతు ఆడపిల్ల మీద మనసు పడితే ముందు బాగా పొగుడు, అనువైన చోటు చూసుకుని కాస్త బలవంతం చెయ్యి అని వాల్టర్‌కు సలహా.

ఇక్కడ నాకు వెటకారం రావట్లేదు.

పుస్తకమంతా వేళాకోళమేనని కొందరు పండితులు మీ తరఫున వాదిస్తారు. మూడో భాగంలో ఆండ్రియాసే ప్లేటు ఫిరాయించి, ప్రేమ వద్దు, ఆడవాళ్ల జోలికే పోవద్దంటాడు. 1277లో పారిస్ బిషప్ ఈ పుస్తకాన్ని పేరుపెట్టి ఖండించాడు కూడా. ఆయన తప్పుపట్టిన 219 సిద్ధాంతాల జాబితాలో ఆ రైతు పిల్ల ఊసు లేదు.

ఎనిమిది సంభాషణల్లోనూ ఆడవాళ్లు ఎదురు వాదిస్తారు, కాదంటారు, వెక్కిరిస్తారు. ఈ పిల్లకు మాత్రం ఒక్క వాక్యమైనా ఇవ్వలేదు. తొమ్మిదో సంభాషణ మీ దస్తరాల్లో ఎక్కడైనా పడి ఉంటే పంపగలరు. పోస్టు ఖర్చులు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక రైతుబిడ్డ