ఆ గడిలో మనం ఎక్కడ?

మొన్నటి వేసవిలో ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ల వనభోజనాలకు మా అక్క కూతురు నిండు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ పెట్టుకొని వచ్చింది. "ఎండ తగిలితే రంగు తగ్గుతుందనా తల్లీ?" అని ఒక పెద్దావిడ నవ్వితే, తనూ నవ్వి ఊరుకుంది. ఎండ తగిలితే తిరగబెట్టే జబ్బు తనకుందని, దాని పేరు లూపస్ అని అక్కడ ఎవరికీ తెలియదు. కారు ఎక్కేటప్పుడు అక్క నా చెయ్యి పట్టుకొని, "ఎక్కడా అనకురా, సంబంధాలు చూస్తున్నాం" అంది.

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే సొంత అవయవాల మీద తిరగబడే ఈ జబ్బు బారిన పడేవారిలో పదింట తొమ్మిది మంది స్త్రీలు, అదీ ఎక్కువగా పెళ్లీ పిల్లల వయసులో. అందుకే మన ఇళ్లలో దీన్ని దాస్తారు. దాచినది లెక్కకు రాదు, లెక్కకు రానిదాని మీద పరిశోధన జరగదు.

శాన్‌ఫ్రాన్సిస్కో కౌంటీలో 2007 నుంచి 2009 వరకు వైద్య రికార్డులు జల్లెడపట్టి లూపస్ రోగులను లెక్కించినప్పుడు, లక్షమంది స్త్రీలకు నల్లజాతివారిలో సుమారు 458, ఆసియా, పసిఫిక్ దీవుల సంతతివారిలో 150, శ్వేతజాతివారిలో 110 మంది తేలారు. ఆ 150లో చైనా, ఫిలిప్పీన్స్ మూలాలవారితో పాటు మనమూ కలిసిపోయాం. తరువాత అక్కడే 'క్లూస్' పేరుతో మొదలైన దీర్ఘకాలిక అధ్యయనంలో ఇంటర్వ్యూలు ఇంగ్లీషు, స్పానిష్, మాండరిన్, కాంటనీస్ భాషల్లో జరిగాయి. మన భాష లేదని వారిని తప్పుపట్టను. నా ఫిర్యాదు మన మీదే.

నిజానికి అక్క భయానికి జవాబు పరిశోధనలోనే ఉంది. 1955 నాటి ఒక నివేదికలో నాలుగేళ్లు బతికినవారు సగం మందే. నేడు సంపన్న దేశాల్లో పదేళ్లు దాటేవారు నూటికి తొంభై పైమాటే. జబ్బు అదుపులోనో, స్వల్పంగానో ఉండగా గర్భం దాల్చిన 385 మందిని అమెరికా, కెనడాల్లో గమనించిన 'ప్రామిస్' అధ్యయనంలో 81 శాతం మందికి పెద్ద చిక్కులేవీ రాలేదు. అయితే శ్వేతజాతి కానివారికి, హిస్పానిక్ స్త్రీలకు ముప్పు ఎక్కువని కూడా అదే అధ్యయనం చెప్పింది. మన అమ్మాయిలకు విడిగా ఎంతన్నది తేలాలంటే మనవాళ్లు తగినంతమంది చేరాలి.

ఇంకొకటి. బాగానే ఉంది కదా అని, లూపస్‌ను అదుపులో ఉంచే హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు మానేయమని సలహా ఇచ్చే పెద్దలు మనలో చాలామంది. ఆ మందుతో నిలకడగా ఉన్న 47 మందిలో కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూసిన 1991 నాటి కెనడా ప్రయోగంలో, వారికి జబ్బు తిరగబెట్టే ముప్పు రెండున్నర రెట్లయింది. గర్భిణులు కూడా ఈ మందు కొనసాగించాలనే నేటి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

భారతదేశంలో లక్నో వైద్యులు నడిపిస్తున్న 'ఇన్‌స్పైర్' అధ్యయనంలో హైదరాబాద్ నిమ్స్ కూడా ఉంది కనుక అక్కడి మన ఆడపడుచులు లెక్కలోకి వస్తున్నారు. ఇక్కడి సంఘాలు బీపీ, షుగర్ శిబిరాలు పెట్టే రోజునే ఒక బల్ల లూపస్‌కూ కేటాయించి, అధ్యయనాల్లో ఎలా చేరాలో చెప్పి, ఇంగ్లీషు రాని తల్లుల పక్కన దుభాషిగా ఒకరిని కూర్చోబెడితే ఖర్చేమీ కాదు.

మా అక్క కూతురు ఈమధ్య ఒక అధ్యయనానికి పేరిచ్చింది. జాతి అన్నచోట 'ఏషియన్' గడిలో టిక్కు పెట్టి, పక్కనున్న ఖాళీలో 'తెలుగు' అని రాసిందట. అక్క మాత్రం కారులోనే కూర్చుంది.